మా ఇంటి ముందర మోరి

రెండేండ్లల్ల ఏడు దరఖాస్తులు రాసిన. ఏడూ మా గల్లీ మోరి మీదనే. ఆ మోరి ఆగింది మా ఇంటి ముందర నేను పోయించుకున్న ర్యాంపు కింద. సంగతి తెలిసిన తర్వాత కూడా నాలుగు నెలలు ఒప్పుకోలేదు. ఇది మొదట్లనే చెప్పాలె. లేకుంటే చదివేటోళ్లు సగం దాకా నా పక్షాన నిలబడుతరు, అది మళ్లీ ఇంకొక మోసం అయితది.

ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో చిన్న మున్సిపాలిటీ మాది. ఇంటింటికీ బీడీలు చుట్టే ఊరు. ముప్పై ఏండ్లు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన. 74వ రాజ్యాంగ సవరణ, 1993 జూన్ 1 నుంచి అమలు, పన్నెండో షెడ్యూలులో మున్సిపాలిటీలకు 18 అంశాలు. పారిశుద్ధ్యం, వీధి దీపాలు, తాగునీళ్లు, మురికివాడల బాగు అని ఎన్ని బ్యాచుల పిల్లలతో వల్లె వేయించిన్నో లెక్క లేదు. మా గల్లీలో ఏ పని ఎవరిదో మాత్రం నాకు తెలువదు. తెలుసుననే అనుకున్న.

మొదటి దరఖాస్తు మూడు పేజీలు. మోరి పొంగుతున్నదని మొదలుపెట్టి, వీధి దీపం వెలుగుతలేదని, మెయిన్ రోడ్డు మీద గుంత పడ్డదని, కుక్కలు ఎక్కువైనయని, దోమలతోని డెంగీ వస్తున్నదని అన్నీ ఒక్క కాగితంలో నింపిన. పట్టుకపోయి కలెక్టరేట్ ప్రజావాణిలో ఇచ్చిన. సోమవారం సోమవారం జరిగే ఆ ప్రజావాణిలో కాగితం తీసుకొని రసీదు ఇస్తరు. తర్వాత ఆ కాగితం పని చేయాల్సిన శాఖకు పోతది. ఒక కాగితం ఒక్క శాఖకే పోతది. అయిదు గోసలు రాస్తే ఎటు పోవాలె? గుంత పడ్డ రోడ్డు ఆర్ అండ్ బీ వాళ్లది, మున్సిపాలిటీది కాదు. కరీంనగర్ మీదుగా పోయే రాజీవ్ రహదారి రాష్ట్ర రహదారి, ఆదిలాబాద్ దగ్గర పోయేది 44వ నంబరు జాతీయ రహదారి. అవి ఊరి పక్క నుంచి పోయినంత మాత్రాన మున్సిపల్ కమిషనర్ వాటి గుంతలు పూడ్చలేడు. దీపం స్తంభం కరెంటోళ్లది, దాని మీది బుగ్గ మున్సిపాలిటీది. కుక్కలను పట్టి అడివిల ఇడిసిపెట్టాలని రాసిన. 2001 నుంచీ ఉన్న కేంద్ర నియమాల ప్రకారం ఆపరేషన్ చేసి, పట్టుకున్న జాగలనే మళ్లా ఇడవాలె. అంటే చట్టం వద్దన్న పని చేయమని సంతకం పెట్టి అడిగిన.

డెంగీ సంగతి ఇంకా సిగ్గుచేటు. డెంగీ దోమ మోరీల మురికిలో పెరగదు, నిలువ ఉన్న మంచి నీళ్లల్ల పెరుగుతది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. 2020లో రాష్ట్రమంతా ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు ఇంట్లో నిలువ నీళ్లు పారబోయమని మొత్తుకున్నది అందుకే. ఆ ఏడు మా ఇంటి వెనుక కూలర్ల ఎండకాలం నీళ్లు వానకాలం దాకా అట్లనే ఉన్నయి. నేను ఆదివారం ఒక్కనాడు కూడా వెనుకకు పోయి చూడలేదు. పదింటికి దరఖాస్తు చిత్తుప్రతి రాసుకుంటూ కూసున్న.

ఇగ ర్యాంపు. 2019లో కారు కొన్న. గేటుకూ రోడ్డుకూ నడుమ మోరి ఉన్నది. మేస్త్రి చెప్పిండు, "బండలు పరుద్దాం సారూ, ఎప్పుడన్న లేపి పూడిక తీసుకోవచ్చు." బండలు కదులుతయి, చప్పుడైతది, చూడ మంచిగుండదని కాంక్రీటు పోయించిన. కింద నీళ్లు పోవడానికి సన్న పైపు వేయించిన. పెద్దది వేస్తే ర్యాంపు ఎత్తు లేస్తది, కారు అడుగు తగులుతదని నా బాధ. పోతపోసేటప్పుడు సిమెంటు పాలు మోరీలకు కారి గడ్డకట్టినయి. అది నేను చూసిన. చూసి ఊరుకున్న. మోరి ప్రజలది, దాని మీద అడ్డు కట్టే హక్కు ఇంటి యజమానికి లేదని నేనే క్లాసులో చెప్పినవాణ్ణి.

మా ఎగువన రెండో ఇల్లు ఒక బీడీ కార్మికురాలిది. భర్త లేడు. కంపెనీ ఆకు, తంబాకు తూకం వేసి ఇస్తది, వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. ఆకు చెడినా తంబాకు తడిసినా ఆ తక్కువ ఆమెనే పూడ్చుకోవాలె. వాన కొట్టిందంటే మోరి నీళ్లు ముందుగాల ఆమె కడప దాటేవి, మా ఇల్లు ఎత్తు కాబట్టి మాకు వాసన మాత్రమే వచ్చేది. ఏడు దరఖాస్తుల్లో నేను "మా ఇంటి ముందర దుర్వాసన" అని రాసిన, ఆమె ఆకు తడిసిందని ఒక్క దాంట్ల రాయలేదు. సంతకాలు కావాల్సి వచ్చినప్పుడు మాత్రం మొదట ఆమె దగ్గరికే పోయిన. "మీరు సదువుకున్నోళ్లు సారూ, మీరు రాస్తె అయితది" అని వేలిముద్ర వేసింది. ఆమె ఇంట్లకు నీళ్లు పంపినవాని మాట నమ్మి, ఎవరి మీదనో వేలిముద్ర వేసింది.

అంతకన్నా పెద్ద తప్పు నాలుగో దరఖాస్తులో చేసిన. మా గల్లీకి వచ్చే సఫాయి కార్మికురాలు వారానికొక్కసారి కూడా మోరి తీయదని రాసిన. అది అబద్ధం. వచ్చేది. పార పెట్టి తీసేది. తీసిన పూడిక మోరి ఒడ్డున ఆరబెట్టేది. నాకు కనిపించింది ఆ కుప్ప, దాని వెనుక పని కాదు. ఆ కాగితం మీద ఆమెకు మూడు రోజుల కూలి కోసిన్రని చాన్నాళ్లకు తెలిసింది.

2022 మార్చిలో ఏడో దరఖాస్తుకు మున్సిపాలిటీ జవాను, ఆ సఫాయి కార్మికురాలు కలిసి వచ్చిన్రు. బీడీలామె ఇంటి దగ్గర వెదురు గడ మోరీలకు దించి తోసిన్రు. పదడుగులు పోయింది, ఇరవై అడుగులు పోయింది, మా గేటు కింద ఆగింది. ఆమె గడ మీద చెయ్యి ఆనిచ్చి నా దిక్కు చూసింది. "సారూ, నీళ్లు మీ ర్యాంపు కాడ్నే ఆగినయి. పూడిక తీద్దామంటె చెయ్యి పట్టది, పార పట్టది" అన్నది. గొంతుల కోపం లేదు.

అప్పుడు నేను చేసింది ఇప్పటికీ నన్ను పడుకోనియ్యది. రాతపూర్వకంగా నోటీసు ఇయ్యమని అడిగిన. ఈ గల్లీలో పదిహేడు ర్యాంపులున్నయి, అన్నీ కొలిచి రాండ్రి అన్న. కమిషనర్‌కు చెప్తనన్న. జవాను తల దించుకొని పోయిండు. ఆమె గడ కడిగి భుజం మీద పెట్టుకొని పోయింది. అప్పటికి మున్సిపాలిటీల చట్టం 2019 వచ్చి రెండేండ్లు దాటింది. ఆ చట్టం కింద ప్రతి వార్డుకూ యువకులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులు అని నాలుగు కమిటీలు వేసిన్రు. మా వార్డు వయోవృద్ధుల కమిటీలో నా పేరున్నది. 2020 ఫిబ్రవరి 24న పట్టణ ప్రగతి మొదలైనప్పుడు అధికారులు గల్లీ గల్లీ తిరిగిన్రు. కమిటీ సభ్యునిగా వాళ్ల వెంట నడవాల్సినవాణ్ణి, ర్యాంపు మీద కుర్చీ వేసుకొని కూసోని కుక్కల సంగతి చెప్పిన.

మే నెల పెండ్లికి ఆదిలాబాద్ నుంచి మా చెల్లె వచ్చింది. పొద్దున బయట ముగ్గేసి లోపలికి వచ్చి అడిగింది. "అన్నా, ఎగువన ఆమె ఇంటి ముందర మోరి నిండి ఉన్నది, నీ దిగువన ఎండి పగుళ్లువారింది. నీళ్లు యాడ ఆగినయో చెప్పనీకె ఇంజినీరు గావాల్నా?" వాళ్ల గల్లీలో ఆడవాళ్లు దరఖాస్తు పెట్టే ముందు మోరి వెంట నడుస్తరట. ఎక్కణ్ణుంచి ఎక్కడి దాకా ఎన్ని అడుగులు, ఎవరి ఇంటి నుంచి ఎవరి ఇంటి దాకా అని రాస్తరట, ఒక కాగితంలో ఒక్క ముచ్చటే. రెండేండ్లల్ల నేను మా మోరి వెంట ఒక్కసారి నడువలేదు. గేటు దగ్గర నిలబడి వాసన చూసి లోపలికి పోయి రాసిన, అంతే. చెల్లెకు జవాబు చెప్పలేదు. అయినా ర్యాంపు కొట్టలేదు. ముప్పై వేలు పెట్టిన అన్న లెక్క ఒకటి, మొత్తం గల్లీ ముందర తప్పు బయట పడతదన్న భయం ఒకటి. రెండోదే పెద్దది.

జులై వచ్చింది. గోదావరి పొంగింది, కడెం ప్రాజెక్టు ఉంటదో కొట్టుకపోతదో అని ఉత్తర తెలంగాణ అంతా టీవీల ముందర కూసున్న రోజులు. తట్టుకునే శక్తి మూడు లక్షల క్యూసెక్కుల పైచిలుకైతే, అయిదు లక్షలు దాటి వచ్చిందన్నరు. నేనూ చూస్తున్న. రాత్రి రెండు గంటలకు గేటు మీద చప్పుడైంది. బీడీలామె బిడ్డ. మోకాలి దాకా మురికి నీళ్లు. "సారూ, చాట ఒక్కటి దొరుకుతదా, నీళ్లు ఎత్తిపోయాలె" అన్నది. పోయి చూసిన. నల్లటి నీళ్ల మీద తునికాకు కట్టలు తేలుతున్నయి. తల్లి మంచం మీద నిలబడి తంబాకు సంచి నెత్తి మీద పట్టుకొని ఉన్నది. నన్ను చూసి, "ఈసారన్న గట్టిగ రాయిండ్రి సారూ" అన్నది.

తెల్లారి వానలనే మేస్త్రిని పిలిచిన. గన్ను పెట్టి కొడుతుంటే గల్లీ అంతా వచ్చి నిలబడ్డది. సగం పగలంగనే మోరి ఒక్క పెట్టున లాగింది, ఆమె ఇంటి ముందర నీళ్లు గంటసేపట్ల దిగిపోయినయి. కింద నుంచి సిమెంటు గడ్డలు, సెంట్రింగు చెక్క ఒకటి, అయిదు తట్టల పూడిక వచ్చినయి. ఎవ్వరూ ఏమనలేదు. ఆమెకు అప్పుడే చెప్పిన, ఇదంతా నా వల్లనే అయిందని. ఆమె చాలాసేపు మోరీలకు చూసింది. "మరి గన్ని కాగితాలు దేనికి రాసిండ్రు సారూ?" అని అడిగింది. ఆకు, తంబాకు ఖర్చు ఇచ్చిన. లెక్కపెట్టి, తనకు రావాల్సినంత తీసుకొని మిగతాది తిరిగి ఇచ్చింది.

ఆ సోమవారం ఎనిమిదోది రాసిన. అర పేజీ. ఫలానా తేదీన సఫాయి కార్మికురాలి మీద నేను రాసింది నిజం కాదు, మోరి ఆగింది నా ర్యాంపు వల్ల, ఆమెకు కోసిన మూడు రోజుల కూలి ఆమెకు ఇప్పించగలరు అని. ఇన్‌వర్డ్ కౌంటర్ దగ్గరి అబ్బాయి కాగితం రెండుసార్లు చదివిండు.

"ఇది ఏ సెక్షన్‌కు పంపాలె సారూ?"

శానిటేషన్ అని చెప్పిన. ముద్ర వేసి రసీదు ఇచ్చిండు.