గంజ్‌లో ఫౌండర్

ఇంటర్ సీఈసీ కుర్రాడికి కామర్స్ క్లాసు కన్నా కామర్స్ ముద్దొచ్చింది. ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి టోకు ధర కనుక్కుని, ఇన్‌స్టాలో ‘అమ్మమ్మ చేతి కారం’ పేజీ తెరిచాడు. అమ్మమ్మకు ఆ సంగతి తెలీదు, ఆమె ఊళ్లో ఉంది. యూపీఐ నాన్నది. ప్యాకింగ్ చెల్లెలిది. అమ్మ పేరిట ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ‘రేపు అప్లై చేద్దాం’ దశలో ఉంది. మరి వాడిది? ‘ఫౌండర్’ అన్న బిరుదు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం 18 నిండనివాడు ఒప్పందం చేసుకోలేడు. 1932 నాటి భాగస్వామ్య చట్టం కాస్త దయగలది: మైనరు భాగస్వామి కాలేడు గానీ, మిగతావాళ్లంతా ఒప్పుకుంటే లాభంలో వాటా పుచ్చుకోవచ్చు. నష్టమొస్తే సొంత ఆస్తి పోదు. ఇల్లంతా ఆ సెక్షన్ మీదే నడుస్తోంది! పాపం, ఆ పాఠం చెప్పిన రోజు ఫౌండర్‌గారు నాంపల్లిలో పార్సిల్ బుక్ చేస్తున్నారు.

హాఫ్‌ఇయర్లీలో కామర్స్‌కి 22 వచ్చాయి. ‘రీచ్ పడిపోయింది డాడీ, అల్గారిథమ్ మారింది’ అన్నాడు.

మొన్న మళ్లీ గంజ్‌కి వెళ్తే సేటు పద్దు పుస్తకంలోంచి తలెత్తి, ‘ఎన్ని బస్తాలు బాబూ?’ అన్నాడు.

‘పావు కిలో అంకుల్. రీల్‌కి.’