ఉత్సవ కరపత్రానికి ‘ఖచ్చితార్థ దీపిక’ అను టీకా తాత్పర్యం

అవతారిక

కృష్ణా, గుంటూరు, గోదావరి ప్రాంతాల చిన్న పట్టణాలలో ఉగాదికీ శ్రీరామనవమికీ నడుమనో, కందుకూరి వీరేశలింగం జయంతి అయినందున తెలుగు నాటకరంగ దినోత్సవంగా పాటిస్తున్న ఏప్రిల్ 16 చుట్టుపట్లనో, పల్చటి పసుపు కాగితం మీద అచ్చయి కిళ్లీకొట్టులోనూ గుడి మండపంలోనూ దర్శనమిచ్చే ఉత్సవ కరపత్రానికి ఇంతవరకు టీక లేదు. అర్థం స్పష్టంగానే ఉండగా టీక ఎందుకని పండితులు అడగవచ్చు. కాని అందులోని ‘ఖచ్చితంగా 6 గంటలకు’ అన్న మాటను నమ్మి 6 గంటలకే వచ్చి, అప్పుడే బండిలోంచి దించుతున్న కుర్చీల నడుమ దిక్కుతోచక నిలబడిన పొరుగూరి మనిషిని చూసినవారెవరూ ఆ ప్రశ్న వేయరు. కాళిదాసుకు వ్యాఖ్యలు రచించిన మెదకు సీమ పండితుడు కోలాచల మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేశాడు. ఆ ప్రతిజ్ఞలో మొదటి సగాన్ని ఈ దీపిక యథాశక్తి పాటిస్తుంది.

ఇక్కడ స్వీకరించిన మూలం ఏ ఒక్క ఊరిదీ కాదు, అనేక గ్రామాల కరపత్రాలకు ఉమ్మడిగా ఉండే పాఠం. ఏటా తేదీ మాత్రం మారి, మిగిలినదంతా అచ్చుతప్పులతో సహా ముందటి ఏడాది నుంచే దిగుతుంది కనుక దీని తొలి కర్త ఎవరో తేలదు. మీమాంసకులు వేదానికి వాడిన ‘అపౌరుషేయం’ అన్న విశేషణం, అనగా ఏ మనిషీ రచించనిది అన్న మాట, దీనికీ చెల్లుతుంది.

మూలం

“కళాభిమానులకు సవినయ విజ్ఞప్తి. మన ఊరి హైస్కూలు ఆవరణలో మూడు దినములు సాహిత్య నాటక సంగీతోత్సవములు జరుపబడును. ప్రతిదినము సాయంత్రము ఖచ్చితంగా 6 గంటలకు ప్రారంభము. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథులు విచ్చేయుదురు. మొదటి దినము అష్టావధానము. రెండవ దినము సంగీత కచేరీ. మూడవ దినము రాత్రి పౌరాణిక పద్యనాటకము. ప్రవేశము ఉచితము. అందరూ ఆహ్వానితులే. ఇట్లు, ఉత్సవ కమిటీ.”

టీక

సాహిత్య నాటక సంగీతోత్సవములు: సాహిత్యమును నాటకమును సంగీతమును అని విగ్రహం, ద్వంద్వ సమాసం. ద్వంద్వంలో పదార్థాలు దేనికవి విడిగా నిలిస్తే ఇతరేతరం, అన్నీ కలిసి ఒక్కటిగా తోస్తే సమాహారం. మూడింటికి మూడు రోజులు పంచి, ఏ రోజు సన్మానితుణ్ణి ఆ రోజే పిలిచే కమిటీ దీనిని ఇతరేతరమంటుంది. ఊరి జనం పక్షం సమాహారం, వారి పక్షానికే ప్రమాణబలం ఎక్కువ. అవధానాలు చేస్తూ ఊరూరా తిరిగిన తిరుపతి వేంకట కవులు, అనగా దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి, పాండవోద్యోగ విజయాలలో రాసిన పద్యాలు పుస్తకంలో చదివినవారికంటే హార్మోనియం మీద విన్నవారికే ఎక్కువగా కంఠస్థం. అటువంటి పద్యాన్ని ఏ రోజు ఖాతాలో వేయాలో ఎవరు చెప్పగలరు? ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) సంగతి ఇంకా చిక్కు. కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి, తాను రాసిన హరికథను తానే పాడి తానే అభినయించిన ఆయన, 1919లో విజయనగరంలో వెలసిన సంగీత పాఠశాలకు తొలి అధ్యక్షుడు కూడా కావడం వల్ల, మూడు రోజులకూ ఆయన ఒక్కడే చాలునని తేలుతుంది. ఇది కమిటీకి రుచించని సిద్ధాంతం, ఎందుకంటే సన్మానాలు రెండు తగ్గుతాయి.

ఖచ్చితంగా 6 గంటలకు: ఈ దీపికకు పేరు తెచ్చిన పదం కనుక ఇక్కడ విస్తరం తప్పదు. పూర్వపక్షి ఇలా అంటాడు: ఏ రోజునా, ఏ ఊళ్లోనూ కార్యక్రమం 6 గంటలకు మొదలు కాలేదు కాబట్టి ఈ వాక్యం ప్రత్యక్ష విరుద్ధం, అందువల్ల అప్రమాణం. దీనికి సమాధానం అలంకారశాస్త్రంలో ఉంది. ‘గంగలో గొల్లపల్లె’ అన్నప్పుడు నీటి ప్రవాహంలో పల్లె ఉండడం పొసగదు కనుక గంగ అన్న మాటకు గంగ ఒడ్డు అని చెప్పుకోవడాన్ని ఆలంకారికులు లక్షణ అన్నారు. ముఖ్యార్థానికి బాధ కలగడం, చెప్పుకొన్న అర్థానికి దానితో సంబంధం ఉండడం, రూఢి గాని ప్రయోజనం గాని తోడవడం దాని నియమాలు. అదే విధంగా 6 గంటలంటే 6 గంటల ఒడ్డు, అనగా సుమారు 7.30. ప్రయోజనం ఏమిటంటే, 7.30 అనే అచ్చువేస్తే జనం 9 గంటలకు వస్తారు. ‘ఖచ్చితంగా’ అన్న విశేషణం ఆ గంటన్నరను తగ్గించడానికి కాక, ఆ గంటన్నర రెండున్నర గంటలు కాకుండా కాపాడడానికి చేర్చబడింది. మూలకర్తకూ చదువరులకూ ఈ సంకేతం సమానంగా తెలిసి ఉండడం వల్ల ఇది అసత్యం కాదు. సంకేతం తెలియనివాడు పొరుగూరి మనిషి ఒక్కడే.

ఆ గంటన్నర వృథా అని కూడా తలచరాదు. భరతుని నాట్యశాస్త్రం ఐదవ అధ్యాయంలో పూర్వరంగం చెప్పబడింది. పూర్వరంగమంటే అసలు నాటకానికి ముందు జరగవలసిన తంతు. అందులోని పంతొమ్మిది అంగాలలో తొమ్మిది తెర వెనుకనే జరుగుతాయి. వాద్యాలను తెచ్చి అమర్చడం ప్రత్యాహారం, గాయకులు వచ్చి కూర్చోవడం అవతరణం, వాద్యాలను శ్రుతిపరచడం వంటివి తరువాతివి. హైస్కూలు ఆవరణలో ఇవన్నీ తెర ముందే, అందరి కళ్లెదుటే జరుగుతాయన్నది ఒక్కటే తేడా. టెంట్ హౌస్ కుర్రవాడు మైకును వేలితో తట్టి ‘హలో, మైక్ టెస్టింగ్’ అని పలుమార్లు పలకడం, తప్పిపోయిన పిల్లవాడి పేరు చదవడం, ముందువరుస సోఫాలపై ఎక్కిన పిల్లలను దించడం ఈ పూర్వరంగపు దేశీయ అంగాలు. పూర్వరంగాన్ని అతిగా సాగదీస్తే ప్రయోక్తలూ ప్రేక్షకులూ ఇద్దరూ అలసిపోతారనీ, ఆ తరువాత రసం నిలవదనీ భరతుడే హెచ్చరించాడు. వక్తలు ఈ అధ్యాయాన్ని అంతదాకా చదివిన జాడ కనబడదు.

ముఖ్య అతిథి మొదలైన వారు: వాక్యం నుంచి అర్థం పుట్టాలంటే మూడు కావాలని తార్కికులు అంటారు: ఒక పదం మరొక పదాన్ని కోరడం ఆకాంక్ష, అర్థాలు ఒకదానికొకటి పొసగడం యోగ్యత, పదాలు ఎడం లేకుండా దగ్గరగా పలకబడడం సన్నిధి. ముఖ్య అతిథి విషయంలో ఆకాంక్ష కమిటీకి ఉంది, యోగ్యత ఆయనకు ఉంది, సన్నిధి మాత్రం 8.30 వరకు కుదరదు. విశిష్ట, గౌరవ, ఆత్మీయ భేదాలు గుణాన్ని గాక చందాను బట్టి ఏర్పడినవి; కరపత్రంలో అక్షరాల పరిమాణం కూడా ఆ క్రమాన్నే అనుసరిస్తుంది. వీరి ప్రసంగాలలో ఊరి కళాపోషణను గురించి వినవచ్చేదంతా మీమాంసకుల లెక్కలో అర్థవాదం, అనగా మాటకు మాట అర్థం చెప్పుకోక స్తుతిగా మాత్రమే గ్రహించదగిన వాక్యసముదాయం. శాలువా విషయంలో వ్యాకరణం పనికివస్తుంది. ముందు సూత్రంలోని పదం వెనుక సూత్రంలోకి దిగిరావడాన్ని అనువృత్తి అంటారు. నిరుడు ఒకరిపై కప్పిన శాలువా ఈ ఏడు మరొకరిపై దిగిరావడం ఆ కోవలోనిదే.

అష్టావధానము: ఎనిమిదిమంది పృచ్ఛకులు, అనగా ప్రశ్నించేవారు, ఒక్కొక్కరు ఒక్కొక్క చిక్కు పెడుతుండగా అవధాని కాగితం కలం లేకుండా పద్యాలు కట్టి, చివర వాటన్నిటినీ వరుసగా అప్పగించడం. ఈ అప్పగింతకు ధారణ అని పేరు. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అవధాని పలికిన ప్రతి అక్షరం తరువాత రాబోయేదాన్ని ఊహించి వద్దంటాడు. దత్తపది పృచ్ఛకుడు పొంతనలేని నాలుగు మాటలిచ్చి వాటితో భారతార్థంలో పద్యం చెప్పమంటాడు. ఈ రెంటి గొప్పతనం తెలిసినవారు ముందు రెండు వరుసలలోనే ఉంటారు. మిగిలిన సభ అంతా కాచుకొని ఉండేది అప్రస్తుత ప్రసంగం కోసం. అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడానికి పెళ్లాం గురించో, పక్కింటి కోడి గురించో అడ్డదిడ్డంగా అడిగే ఆ పృచ్ఛకుడికే వెనుక వరుసల చప్పట్లు. దీనిని అభిరుచి లోపమని కొందరు నిందిస్తారు గాని, ఆ నింద సరికాదు. వద్దన్న అక్షరాన్ని తప్పించుకొనే అవధానిలోనూ, కొంటె ప్రశ్నకు తక్షణం చమత్కారంగా బదులిచ్చే అవధానిలోనూ పనిచేసే బుద్ధి ఒక్కటే, ఛందస్సు రానివారికి అది కనబడే కిటికీ రెండవది.

సంగీత కచేరీ: స్పష్టం. తమిళదేశంలోని తిరువైయారులో ఉండి తెలుగులో కీర్తనలు కట్టిన త్యాగరాజు పంచరత్నాలను ఊరి సంగీత పాఠశాల పిల్లలు బృందంగా పాడడంతో ఇది మొదలవుతుంది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అన్నవి ఆ ఐదింటి రాగాలు. తల్లిదండ్రులు శ్రీరాగం దాకా కదలరు. పిల్లలు వేదిక దిగగానే, అసలు గాయకుడు శ్రుతి చూసుకొంటున్న వేళకు, సగం కుర్చీలు ఖాళీ. మూడు రోజులలో ఎక్కువ సాధన కలవాడు ఆ సగం సభకే పాడవలసి రావడం ఈ గ్రంథంలో కరుణరసం పలికే ఒకే ఒక చోటు.

పౌరాణిక పద్యనాటకము: కరపత్రం దీని ప్రారంభ సమయాన్ని చెప్పి ముగింపును చెప్పదు. ఇది మూలకర్త ఔచిత్యం. సామాన్యంగా ఆడేది తిరుపతి వేంకట కవుల ఉద్యోగ విజయాలలోని కృష్ణ రాయబారం, లేదా బలిజేపల్లి లక్ష్మీకాంతం సత్య హరిశ్చంద్రీయం. వీటిలో కాంట్రాక్టు నాటకమని ఒక భేదం ఉంది; ఒకే నాటక సమాజానికి చెందని పేరున్న నటులను ఒక్కొక్కరినీ విడిగా మాట్లాడి ఒక రాత్రికి కూర్చే నాటకం ఇది. అందువల్ల పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి మరొక కృష్ణుడు కరపత్రంలో పక్కపక్కనే అచ్చవుతారు. నటుడు మారినా పాత్ర ఎట్లా నిలుస్తుందని నవ్యులు శంకిస్తారు. పదహారువేల మందికి పదహారువేల రూపాలతో కనబడిన దేవుడికి రెండు రూపాలు ఒక లెక్క కాదని ఊరి పెద్దలు కొట్టిపారేస్తారు. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటి కృష్ణులను విన్నవారున్న ఊళ్లలో జనం చూడవచ్చేది కృష్ణుణ్ణి కాదు, ఆ పద్యాన్ని ఈ నటుడు ఎట్లా ఎత్తుకొంటాడో, రాగాన్ని ఎంతదాకా తీసుకుపోతాడో అన్నదాన్ని.

పద్యం ముగిసిన తరువాత కూడా చివరి అక్షరం పట్టుకొని నటుడు సాగించే ఆలాపనలో కథ నిలిచిపోతుందన్నది చిరకాలపు ఆక్షేపణ. సుయోధనుడు నిండుసభలో చేయి పైకెత్తి అట్లాగే ఉండిపోతాడు, నిజమే. హార్మోనిస్టు ఆ రాగాన్ని అందుకొని ఒక మెట్టు పైకి తోసి మళ్లీ నటుడికి అప్పగించే ఆ రెండు నిమిషాలలో సుయోధనుణ్ణి చూసేవాడు సభలో ఎవడూ ఉండడు కనుక రసభంగం లేదు. ఇక ‘వన్స్‌మోర్’. వెనుక వరుసల నుంచి ఈ కేక లేచినప్పుడు నటుడు అదే పద్యాన్ని మొదటి నుంచి పాడతాడు. చెప్పినదే చెప్పడం కావ్యంలో పునరుక్తి దోషం. మీమాంసలో అట్లా కాదు. ఒక గ్రంథం తాత్పర్యం ఏదో నిర్ణయించడానికి చెప్పిన ఆరు గుర్తులలో అభ్యాసం, అనగా మళ్లీమళ్లీ చెప్పడం, ఒకటి. మూడు రోజుల ఉత్సవంలో రెండవసారి వినిపించమని సభ అడిగినది ఈ పద్యం ఒక్కటే. ముఖ్య అతిథి ప్రసంగాన్ని ఏ ఊళ్లోనూ అట్లా అడగలేదు. కనుక ఉత్సవ తాత్పర్యం ఆ పద్యంలోనే ఉన్నదని శాస్త్రరీత్యా తేలుతుంది. ఆ పద్యాన్ని మోసిన హార్మోనిస్టు పేరు కరపత్రంలో ఉంటే అట్టడుగున, కంటి డాక్టరు చార్టు చివరి వరుసంత అక్షరాలలో ఉంటుంది.

ప్రవేశము ఉచితము: నిష్క్రమణం కూడా.

అందరూ ఆహ్వానితులే: ‘అందరూ’ అన్న సర్వనామం ముందు వరుస సోఫాలకు వర్తించదు. గుడ్డ తొడిగిన కుర్చీలు దాతల కుటుంబాలకు, గుడ్డ లేనివి ముందుగా వచ్చినవారికి, చాపలు పిల్లలకు, ప్రహరీగోడ యువకులకు. కేక మొదట లేచేది గోడ మీదనుంచే.

ఇట్లు, ఉత్సవ కమిటీ: సమూహవాచకం. చందాలకు ఇంటింటికీ వెళ్లేటప్పుడు ఇది బహువచనం. వేదిక మీద ఫోటో దిగేటప్పుడు మహా బహువచనం. నాలుగవ రోజు ఉదయం షామియానా మనిషీ మైకు సెట్టు మనిషీ బాకీ కోసం వచ్చినప్పుడు ఈ పదం కోశాధికారి ఒక్కరినే బోధిస్తుంది. తల్లినీ తండ్రినీ కలిపి చెప్పవలసిన చోట ఒక పదం లోపించి, మిగిలిన ‘పితరౌ’ అన్న ఒక్క పదమే ఇద్దరి అర్థాన్నీ మోయడాన్ని సంస్కృత వ్యాకరణం ఏకశేషమంటుంది. మిగిలినవాడు పోయినవారి అర్థాన్నీ మోయవలసిందేనన్నది అక్కడి నియమం; ఇక్కడ అర్థమనగా ధనమని టెంట్ హౌస్ వారి వ్యాఖ్య, దానికి కోశాధికారి వద్ద ప్రతివ్యాఖ్య లేదు.