వెనక చక్రంలో నేను

నేను మారుతి 800 వెనక ఎడమ చక్రంలో ఉండే బ్రేక్ డ్రమ్మును. పోత ఇనుప శరీరం. బండి ఆగితే పేరంతా ముందున్న డిస్కులది. చప్పుడొస్తే మాత్రం నేను గుర్తొస్తాను, అదీ ఆలస్యంగా. ఈ బండి తయారీ 2014లో ఆగిపోయింది. మా మాస్టారు దీన్ని వదల్లేదు.

మొన్న వేసవిలో ఇంటి దగ్గరి షెడ్డులో కొత్త బ్రేక్ షూలు వేయించారు. అప్పట్నుంచీ ఒకటే కిర్రు. స్పీడు 50 దాటితే బండి ఊగుడు. మాస్టారు తిన్నగా వీల్ బ్యాలెన్సింగుకు తీసుకెళ్లారు. రిమ్ములకు సీసం ముక్కలు కొట్టి పంపారు. ఊగుడు అలాగే ఉంది. నిన్న చెయ్యి పెట్టిన చోటు వదిలి ఊరంతా వెతకడం మనుషులకు అలవాటు.

చివరికి విజయవాడ ఆటోనగర్‌లో ఒక ముసలి మేస్త్రీ దొరికాడు. స్పానర్ ముట్టుకోకముందే, "ఊగేది స్టీరింగా, సీటా మాస్టారూ?" అన్నాడు.

"సీటేనయ్యా. స్టీరింగు బాగానే ఉంది."

ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా పోనిస్తూ బ్రేకు మెల్లగా తొక్కాడు. కిర్రు ఆగింది. వదిలితే మళ్లీ మొదలు. బటన్ నొక్కి పట్టుకుని హ్యాండ్‌బ్రేకు కాస్త లాగాడు, అప్పుడూ ఆగింది. హ్యాండ్‌బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. దొంగ ఇంట్లోనే ఉన్నాడని తేలిపోయింది.

జాకీ ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపాడు. టక్కు టక్కు. "బ్రేకు తొక్కండి మాస్టారూ." తొక్కగానే ఆ ఊపు పోయింది. అప్పటికీ ఊగితే సస్పెన్షన్ చూడాలి. ఆగిందంటే లూజు బేరింగు దగ్గరే. మా బండిలో వెనక బేరింగులు నా కడుపులోనే ఉంటాయి. నన్ను లాగాలంటే నడిమి నట్టు విప్పాల్సిందే. షెడ్డు కుర్రాడు దాన్ని చేతి అంచనాతో బిగించి వదిలేశాడు.

నన్ను ఊడదీశాక కిర్రు సంగతి తెలిసింది. నా లోపలి అంచు వెంబడి గోటికి తగిలే గీత. షూను వెనక ప్లేటుకు ఆనించి పట్టే బుల్లి స్ప్రింగు సరిగ్గా కూర్చోక ఊడి, అడుగున దుమ్ములో పడి ఉంది. పట్టు లేని షూ పక్కకు ఒరిగి నన్ను గీకుతోంది. బ్రేకు తొక్కితే సర్దుకుంటోంది, వదిలితే ఒరుగుతోంది. ఆ దుమ్మును గాలి కొట్టి దులపబోయిన తన దగ్గరి కుర్రాణ్ణి మేస్త్రీ కసిరి తడిగుడ్డ ఇచ్చాడు. పాత లైనింగుల పొడిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఊపిరితిత్తులకు ముప్పు.

గీతను లేత్ మీద తీయించొచ్చు. కానీ తీసిన కొద్దీ నేను పలచబడతాను, హద్దు దాటితే పాత ఇనుము కొట్టుకే. కొలిచి చూసి, "దీనికి లేత్ అక్కర్లేదు" అన్నాడు. బతికిపోయాను.

బేరింగులు తిప్పి చూసి, స్ప్రింగు కొత్తది వేసి, నడిమి నట్టు టార్క్ రెంచితో బిగించాడు. వీల్ నట్లు ఎదురెదురుగా ఒక్కొక్కటే పట్టించాడు. "ఓ 50 కిలోమీటర్లు తిరిగాక ఈ నట్లు మళ్లీ చూపించుకోండి."

"తప్పకుండా" అన్నారు మాస్టారు. గుంటూరు వెళ్లొచ్చాం, ఏలూరు వెళ్లొచ్చాం. ఇంకా చూపించలేదు.