పొద్దెక్కితే లేచే ఆస్కార్

ఒరేయ్ అబ్బాయిలూ, పది సెంటీమీటర్ల డబ్బా చూపించి ఇదే ఉపగ్రహం తాతగారూ అంటారు. బ్యాటరీ ఏదిరా అంటే పాత ల్యాప్‌టాప్‌ల్లో వాడిన ఆ 18650 లిథియం సెల్లే తీసి చూపిస్తారు. మా రోజుల్లో నికెల్-కాడ్మియం ఉండేది. బరువే, కాదనను. అదే బరువుకి లిథియంలో మూడింతల కరెంటు దాచుకోవచ్చు, అదీ కాదనను. కానీ దానికి ఓర్పుండేది. చార్జింగ్ కాస్త ఎక్కువైనా సర్దుకునేది. మీ లిథియాన్ని బాలింతరాలిలా సాకాలి. ఎక్కువ ఎక్కకూడదు, మరీ దిగిపోకూడదు, గడ్డకట్టే చలిలో చార్జి చేయకూడదు. దానికి కాపలాగా మళ్ళీ ఒక సర్క్యూటు!

సరదాకొద్దీ రేడియోలో మాట్లాడుకునే మా హామ్ రేడియో వాళ్ళ కోసం 2005 మే 5న శ్రీహరికోట నుంచి హామ్‌శాట్ వెళ్ళింది. 42.5 కిలోలు, లోపల లిథియం-అయాన్. 2014 జులైలో ఆ బ్యాటరీ పోయింది, మనవాడు మూగబోయాడు. ఇంట్లో మనిషి పోయినట్టే అనిపించింది నాకు.

ఆర్యభట్ట సంగతేమిటంటారా? 1975లో అంత పెద్ద ఉపగ్రహం, 360 కిలోలు, ఒంటినిండా సోలార్ సెల్స్, వచ్చేది 46 వాట్లు. నాలుగైదు రోజులకే కరెంటు దెబ్బతిని ప్రయోగాలు ఆగిపోయాయి. నిజమే, మా కాలంలోనూ దీపాలు ఆరిపోయాయి.

కానీ ఆస్కార్-7 ఉపగ్రహం ఉంది చూశారూ! 1974 నవంబరు 15న అమెరికా నుంచి ఎగిరింది. హామ్‌లు చేతులారా కట్టుకున్నది. 1981లో నికెల్-కాడ్మియం బ్యాటరీ షార్టయి చచ్చిపోయింది. ఇరవై ఒక్కేళ్ళు ఉలుకూ పలుకూ లేదు. 2002 జూన్‌లో ఉన్నట్టుండి మోర్స్‌లో టకటకా పలకరించింది! లోపల షార్టయిన బ్యాటరీ ఈసారి తెగిపోయింది, దాంతో సోలార్ పలకల కరెంటు నేరుగా రేడియోకి అందింది. అప్పట్నుంచీ భూమి నీడలోకి వెళ్తే నిద్ర, ఎండ తగిలితే మెలకువ. మన ఊళ్ళో రైతులా.

అంటే బ్యాటరీ గట్టిదై బతకలేదు, పూర్తిగా పాడై బతికించింది. ఇందాక నేను పొగిడింది దాన్నే. పోనీండి, ఇరవై ఒక్కేళ్ళు చచ్చి లేచిన లిథియం డబ్బా ఒక్కటి చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

రేపు ఆస్కార్ మన ఊరి మీదుగా వెళ్ళే వేళ చూసి డాబా మీదికి రండి. రేడియో నేను తెస్తాను, యాంటెన్నా మీరు పట్టుకోండి. చేతులు నొప్పెడుతున్నాయని మాత్రం అనకండి.