నోట్లో నాలుక లేని పిల్లలు కావాలంటే

ఇంట్లో పసిపిల్ల ఉందంటే ప్రశాంతత పోయినట్టే. ఏడాది తిరిగేసరికి 'అత్త', 'తాత' అంటుంది. రెండేళ్లకి 'నాన్న ఆఫీసు', 'ఇంకా బువ్వ' అని రెండేసి మాటలు అతికిస్తుంది. మూడేళ్లకి 'ఎందుకు?' మొదలవుతుంది. అక్కడిదాకా రానిచ్చారంటే ఇక మీ చేతుల్లో ఏమీ ఉండదు. ముందునుంచే జాగ్రత్తపడాలి.

నిజానికి పుట్టకముందే పడాలి. 1980లో అమెరికాలో డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు పరిశోధకులు, పుట్టి మూడు రోజులైనా కాని పసికందుల నోట్లో పాలపీక పెట్టి, చప్పరించే తీరును బట్టి టేపులో గొంతు మారేలా ఏర్పాటు చేశారు. పిల్లలు అమ్మ గొంతు వచ్చేలాగే చప్పరించారు. అంటే కడుపులో ఉండగానే మన మాటలు చాటుగా వింటున్నారన్నమాట. కాబట్టి గర్భిణి మౌనవ్రతం పట్టడం ఉత్తమం.

తర్వాతి గండం 'ఉంగా'. చాలామంది బోల్తాపడేది ఇక్కడే, అమ్మమ్మలైతే మరీను. పిల్ల 'ఉంగా' అనగానే మొహంలో మొహం పెట్టి, 'ఏంటమ్మా? తాత కొట్టాడా?' అని అడిగి ఊరుకుంటారా? జవాబు కోసం ఆగుతారు! పిల్ల కాళ్లు తాటించి మళ్లీ ఏదో కూస్తుంది. 'అయ్యో, అంత గట్టిగా కొట్టాడా! ఉండు, తాత పని చెప్తా' అంటుంది ఈవిడ. ఒకరు అంటుంటే ఇంకొకరు వినాలనీ, ఆ తర్వాత వంతు మారుతుందనీ మాటలు రాకముందే పిల్లకి తెలిసిపోతుంది. దీనికి మందు తేలికే. పాలు పట్టేటప్పుడు మీ కళ్లు ఫోనులోంచి కదలకూడదు. అమ్మమ్మను వీలైనంత త్వరగా ఊరికి పంపించేయండి.

ఏ భాషలో మాట్లాడాలని చాలామంది అడుగుతారు. మీకు సరిగా రాని భాషలో. తెలుగులో అన్నం పెట్టడం మొదలుపెట్టారంటే 'నెయ్యి కాలుతోంది, ఊదుకో, అదిగో కాకి చూస్తోంది, నువ్వు తినకపోతే అదే ఎత్తుకుపోతుంది, ఇది చివరి ముద్ద, కాదు కాదు ఇదే చివరిది' అని ముద్దకో కథ దొర్లిపోతుంది. అదే 'ఈట్', 'సిట్', 'నో', 'డోంట్ టచ్' అయితే నాలుగు ముక్కలతో పూట గడిచిపోతుంది. ఇందులో ఇంకో సుళువుంది. కెనడాలో జానెట్ వెర్కర్ 1984లో చూపించినట్టు, ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన పిల్లలు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో హిందీలోని త-ట తేడాను ఇట్టే పట్టేశారు. ఏడాది నిండేసరికి ఎక్కువమంది పట్టలేకపోయారు. ఇంట్లో వినపడని తేడాను చెవి పట్టించుకోవడం మానేస్తుంది. మీరు చేయాల్సిందల్లా ఏడాదిపాటు ఓపిక పట్టడమే.

టీవీ సంగతి వేరే చెప్పాలా? ప్యాట్రీషియా కూల్ బృందం సియాటెల్‌లో తొమ్మిది నెలల అమెరికన్ పిల్లల దగ్గర చైనీస్ మాట్లాడేవాళ్లను కూర్చోబెట్టి పన్నెండు విడతలు ఆడించింది. పిల్లలు ఆ భాష శబ్దాలను గుర్తుపట్టారు. అవే మాటలు వీడియోలో చూపిస్తే ఏమీ అంటలేదు. 2003లో అచ్చయిన ఈ సంగతి చదివినప్పుడు నాకెంత ధైర్యం వచ్చిందో! రెండేళ్లలోపు పిల్లలకి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అన్నది గానీ, ఆ సంస్థ వచ్చి మీ పిల్లకి అన్నం పెట్టదు కదా.

ఇన్ని చేసినా ఒక్కోసారి మాటలు వచ్చేస్తాయి. అప్పుడు వెక్కిరింపే శరణ్యం. 'బొమ్మ ఇల్లులో ఉంది' అంటుంది పిల్ల. ఇంట్లో ఎవరూ అలా అనరు. కారులో, బస్సులో అని విని, తనంతట తానే ఓ సూత్రం కట్టి 'ఇల్లు'కి తగిలించింది. మెచ్చుకోవాలనిపిస్తుంది, నిగ్రహించుకోండి. చుట్టాలందరి ముందూ పకపకా నవ్వి, 'ఇంట్లో' అని పదిసార్లు చెప్పించండి. 'అవునమ్మా, బొమ్మ ఇంట్లోనే ఉంది, ఏ గదిలో?' అని మాట కలిపితే మాత్రం తప్పు దిద్దినట్టూ అవుతుంది, కబుర్లు సాగినట్టూ అవుతుంది. రెండూ నష్టమే.

మరీ రెండేళ్లు దాటినా నోరు పెగలకపోతే కంగారుపడకండి. 'వాళ్ల నాన్నకీ నాలుగేళ్లకే వచ్చాయి' అనే పెద్దదిక్కు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. వసకొమ్మ అరగదీసి నాలుకకు రాయండి. అందులోని పదార్థం ఎలుకల్లో కణుతులు తెప్పించిందని అమెరికా 1968లోనే దాన్ని ఆహారంలో కలపకుండా నిషేధించింది, అయినా మనం ఎలుకలం కాము.

చెవి పరీక్షకు మాత్రం పొరపాటున కూడా తీసుకెళ్లకండి. నిద్రపోతున్న పసిపిల్ల చెవిలో చిన్న గొట్టం పెట్టి, కొన్ని నిమిషాల్లో అనుమానం ఉందో లేదో చెప్పేస్తారు. ఉంటే మూడు నెలల్లో తేల్చుకోమంటారు, ఆరు నెలలు నిండేలోపు వినికిడి యంత్రం పెట్టించమంటారు. అంతదాకా వెళ్లారంటే మీ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే.