పల్చటి గాలి

డెన్వర్‌లో పెట్రోలు బంకు దగ్గర ఆగితే పంపు మీద మూడు బటన్లుంటాయి: 85, 87, 91. అమెరికాలో చాలా చోట్ల లెక్క 87తోనే మొదలవుతుంది. ఈ 85 రాకీ పర్వతాల చుట్టుపక్కల రాష్ట్రాల సరుకు.

శనివారం కొండలకి బయల్దేరాం. ఇంటిల్లిపాదీ పట్టే మూడు వరసల బండి. అమ్మాయి రోజూ పిల్లల్ని బడిలో దింపేది దాంట్లోనే. దారిలో బంకు దగ్గర ఆపి అల్లుడు 85 నొక్కాడు. ఎనిమిదేళ్ళ మనవరాలికి ఏ అంకె కనిపించినా ఎందుకని అడగడం అలవాటు. అల్లుడు ఓపిగ్గా చెప్పాడు.

"మన ఊరు సముద్రానికి 5,280 అడుగుల ఎత్తున ఉంది కదమ్మా. పైకి పోయేకొద్దీ గాలి పల్చబడుతుంది. గాలి పల్చనైతే ఇంజనులో ఒత్తిడి తగ్గుతుంది. అందుకని చవక పెట్రోలు చాలు."

అందులో అబద్ధం లేదు. కాకపోతే కార్బురేటర్ల కాలం నాటి మాట. విజయవాడ ఆటోనగర్లో ఇంజన్లు విప్పి బిగిస్తూనే తల నెరిసినవాణ్ణి, ఆ తేడా నాకు తెలుసు. ప్లగ్గు నిప్పు రాజేశాక మంట వరసగా పాకాలి. పంపు మీది అంకెలు చెప్పేది ఆక్టేన్. అది చాలకపోతే మంట ఇంకా చేరకముందే మూలనున్న మిశ్రమం తనంతట తానే పేలుతుంది. రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు చప్పుడొస్తుంది. దాన్నే మేం నాకింగ్ అంటాం. అది ముదిరితే పిస్టన్లే పోతాయి. డెన్వర్‌లో గాలి సముద్రతీరం కన్నా ఆరో వంతు పల్చన కాబట్టి, ఉన్న గాలినే పీల్చుకునే పాత ఇంజను 85తో నెట్టుకొచ్చేది. కానీ అమ్మాయి బండికి టర్బో ఉంది. టర్బో పనే పల్చటి గాలిని కుదించి లోపలికి తోయడం. ఎత్తు వల్ల తగ్గిన ఒత్తిడిని అది చాలావరకు తిరిగి తెచ్చిపెడుతుంది. ఇక 85 చాలుతుందనడానికి ఆధారమేముంది?

ఐ-70 మీద ఐసెన్‌హోవర్ సొరంగం వైపు ఎక్కుతున్నాం. అది 11,000 అడుగులు దాటిన చోటు. స్టీరింగు అమ్మాయి చేతిలో ఉంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి అందుకోవడం లేదు, వెనక ట్రక్కు దగ్గరకొచ్చేస్తోంది. ఎత్తుకి కొంత బలం తగ్గడం మామూలే, అది వేరు. సన్నగా ఆ చప్పుడు రెండుసార్లు వినిపించి ఆగింది. ఇప్పటి ఇంజన్లలో నాక్ సెన్సర్ చప్పుడు కనిపెట్టగానే కంప్యూటరు నిప్పు పడే సమయాన్ని వెనక్కి జరుపుతుంది. ఇంజను దెబ్బతినకుండా కాస్తుంది గానీ, ఆ మేరకు లాగుడు తగ్గుతుంది. పిల్లలతో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు కావలసింది ఆ లాగుడే.

టీకి ఆగినప్పుడు ట్యాంకు మూత తీసి చూశాను. లోపల 87 అని అచ్చేసి ఉంది. మాన్యువల్ తిరగేస్తే, అంతకు తగ్గితే వారంటీ వర్తించకపోవచ్చని కూడా ఉంది.

"బాబూ, కంపెనీ వాడే 87కి తగ్గొద్దంటున్నాడు."

"ఇక్కడ అందరూ 85యే మామయ్యగారూ. గాలన్‌కి పావు డాలరు పైనే మిగులుతుంది."

"వచ్చే నెల కాన్సస్ వెళ్తామన్నారు కదా. అక్కడ కిందికి దిగాక గాలి మళ్ళీ చిక్కనవుతుంది, ట్యాంకులో మాత్రం ఇదే ఉంటుంది."

"అప్పుడు చూద్దాం లెండి" అన్నాడు. అమ్మాయి నా వైపు చూసింది. ఇంక పొడిగించలేదు.

మర్నాడు అల్లుడు తన కారు కడిగించడానికి తీసుకెళ్తూ నన్నూ మనవరాలినీ ఎక్కమన్నాడు. నల్లగా నిగనిగలాడే రెండు తలుపుల కారు. ఆఫీసుకీ దాంట్లోనే వెళ్తాడు. తిరుగుదారిలో అదే బంకు దగ్గర ఆపాడు. మూత తెరిస్తే లోపల 87 అనే ఉంది. అల్లుడు పంపు దగ్గరకెళ్ళి 91 నొక్కాడు.

మనవరాలు కిటికీ అద్దం దించి తల బయటపెట్టింది.

"నాన్నా, ఇక్కడ గాలి అమ్మ కారుకే పల్చనా?"