మూసి ఉండటమే నా పని

నా గురించి ఎవరు మాట్లాడినా ముందు నా బరువు గురించే ఫిర్యాదు చేస్తారు. ఆ మాట నిజమే. ఇంగ్లండ్ ఇళ్లలో గదులకుండే మామూలు తలుపులు చాలావరకు లోపల బోలుగా, తేలిగ్గా ఉంటాయి. నా మందం 44 మిల్లీమీటర్లు, లోపలంతా గట్టి చెక్క. నన్ను మోయడానికి మూడు బందులు కావాలి. అవతల మంట రగులుతుంటే ఇవతలి మనిషికి 30 నిమిషాల గడువు ఇవ్వాలని నన్నిలా చేశారు. ఆ అరగంట కోసమే ఇంత బరువు మోస్తున్నాను.

నేను ఇంగ్లండ్‌లో తయారైన అగ్నినిరోధక తలుపుని. నాలాంటి నమూనా తలుపొకదాన్ని కొలిమికి బిగించి పరీక్షించారు. అరగంటలో కొలిమి వేడి 840 డిగ్రీలు దాటినా అది మంటను అవతలికి పోనివ్వలేదు. అందుకు రుజువుగా నా పైఅంచున చిన్న చీటీ అంటించారు. ద్వారబంధానికీ నాకూ మధ్య వేడి తగలగానే ఉబ్బి సందు పూడ్చేసే పట్టీ పెట్టారు. దాని పక్కనే సన్నటి కుచ్చు అమర్చారు. అది మంటకన్నా ముందొచ్చే పొగ కోసం. ఇళ్లల్లో మంటలు లేచినప్పుడు చాలామంది ప్రాణాలు తీసేది ఆ పొగే. చివరగా నన్ను ఎవరు తెరిచినా తిరిగి మూసేసే డోర్ క్లోజర్ బిగించారు.

మిడ్‌లాండ్స్‌లో ఒక ఊళ్లో, ఐదంతస్తుల భవనంలో మూడో అంతస్తు ఫ్లాట్‌కి నన్ను వీధి తలుపుగా పెట్టారు. అలాంటి భవనాలను అక్కడ సపోర్టెడ్ హౌసింగ్ అంటారు. అది ఆస్పత్రీ కాదు, వృద్ధాశ్రమమూ కాదు. ఎవరి ఫ్లాట్ వారిది, ఎవరి తాళంచెవి వారి దగ్గరే ఉంటుంది. కాకపోతే అక్కడుండేది వయసు మళ్లినవాళ్లు, కాళ్లు సహకరించనివాళ్లు, మతిమరుపు మొదలైనవాళ్లు, మనసు కుదుటపడడానికి ఎవరో ఒకరి తోడు కావలసినవాళ్లు. సహాయకులు వేళకి వచ్చి పని చూసి వెళ్తారు. మంట లేస్తే మూడంతస్తుల మెట్లు దిగి పరుగెత్తగలిగేవాళ్లు ఆ నడవాలో ఒకరో ఇద్దరో. అందుకే మా భవనంలో ఒక నియమం ఉండేది. మంట మీ ఫ్లాట్‌లోనే లేస్తే బయటికి వచ్చేయండి, వస్తూ తలుపు మూయండి, 999కి ఫోన్ చేయండి. మంట వేరే ఫ్లాట్‌లో లేస్తే, పొగగానీ వేడిగానీ మీదాకా రానంతవరకు మీ ఫ్లాట్‌లోనే తలుపు మూసుకుని ఉండండి. నడవలేనివాడు కూడా పాటించగల నియమం అది. కానీ అది నిలిచేది మా తలుపుల మీదే. మేం మూసుకుంటేనే ఆ మాట నిజమవుతుంది.

నా వెనక మొదట కాపురమున్న ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరైనవాడు. కీళ్లవాతంతో చేతివేళ్లు వంకర్లు పోయాయి. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో సంచీ పట్టుకుని నన్ను తోయలేక, నేను మూసుకుంటూ ఆయన మడమకి తగిలితే విలవిల్లాడేవాడు. చివరికి నా కింద చెక్కముక్క ఒకటి తోశాడు. పగలల్లా, ఒక్కోసారి రాత్రంతా, నేను బార్లా తెరుచుకుని నిలబడేదాన్ని. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన తలుపు బరువుగా ఉందని ఎన్నోసార్లు చెప్పాడు. ఆఖరికి మరమ్మతుల మనిషి వచ్చి క్లోజర్‌ని సరిచేయడానికి బదులు దాని చేతిని ఊడదీసి సంచీలో వేసుకుపోయాడు. నా కోపమంతా ఆ పని మీదే. మూసుకోవడమే పనిగా పుట్టినదానికి ఆ చెయ్యే తీసేస్తే ఇంకేం మిగులుతుంది?

అక్కడితో ఆగలేదు. రంగులేసేవాళ్లు వచ్చి నా పట్టీ మీద, కుచ్చు మీద కలిపి రంగు పూసేశారు. కుచ్చు అట్టకట్టి గట్టిపడింది. కొత్త తివాచీ పరిచినవాళ్లు నేను ఒరుసుకుంటున్నానని అడుగున చిత్రిక పట్టారు. కింద వేలు దూరేంత సందు పడింది. మూడు బందుల్లో ఒకదాని మరలు వదులైపోయినా ఎవరూ బిగించలేదు. చూసేవాళ్లకి నేను నిలువెత్తు తలుపునే. దగ్గరికొచ్చి చూసినవాళ్లకే నేనిక పొగని ఆపలేనని తెలుస్తుంది. అలా దగ్గరికొచ్చి చూసిన మనిషి ఏళ్ల తరబడి లేడు.

నడవాలో నిలబడి సహాయకులు చెప్పుకునే మాటలు నాకు వినపడేవి. స్కాట్లాండ్‌లో అడింగ్‌స్టన్ దగ్గరున్న రోజ్‌పార్క్ కేర్ హోమ్‌లో 2004 జనవరి 31 తెల్లవారుజామున నడవా అల్మరాలో కరెంటు లోపం వల్ల మంట లేచింది. మంట ఎక్కువసేపు బతకలేదు, కానీ పొగ తెరిచి ఉన్న తలుపుల గుండా పడకగదుల్లోకి వెళ్లింది. 14 మంది వృద్ధులు చనిపోయారు. సరైన అగ్నిభద్రతా ప్రణాళిక ఉండి ఉంటే ఆ మరణాల్లో కొన్నిటినైనా తప్పించగలిగేవారని 2011లో వచ్చిన విచారణ నివేదిక తేల్చింది. 2017 జూన్ 14న లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో మంటలు లేచి 72 మంది ప్రాణాలు పోయాయి. మంటను పైకి పాకించింది భవనానికి తొడిగిన పైతొడుగు. అయితే ఫ్లాట్ల తలుపుల్లో కొన్నిటికి తమంతట తాము మూసుకునే ఏర్పాటు పనిచేయక, లోపలి పొగ నడవాల్లోకి, మెట్లలోకి వచ్చిందని కూడా ఆ ప్రమాదంపై జరిగిన విచారణలో బయటపడింది. ఆ మాట విన్న రోజు నాకు నా ఊడిపోయిన చెయ్యే గుర్తొచ్చింది.

గ్రెన్‌ఫెల్ తర్వాత వచ్చిన కొత్త నిబంధనలు 2023 జనవరి 23 నుంచి ఇంగ్లండ్‌లో అమల్లోకి వచ్చాయి. 11 మీటర్ల ఎత్తు దాటిన నివాస భవనాల్లో ఉమ్మడి దారుల్లోని అగ్నినిరోధక తలుపుల్ని మూడు నెలలకోసారి, ఫ్లాట్ల వీధి తలుపుల్ని ఏడాదికోసారి తనిఖీ చేయాలి. అలా నా దగ్గరికీ ఒక మనిషి వచ్చాడు. జేబులోంచి ఒక పౌండు నాణెం తీసి నా అంచుకీ ద్వారబంధానికీ మధ్య దూర్చి చూశాడు. ఆ నాణెం మందం దాదాపు 3 మిల్లీమీటర్లు. పైనా, పక్కలా సందు కూడా దాదాపు అంతే ఉండాలి. కింద చూసి తల అడ్డంగా ఊపాడు. నన్ను కొంచెం తెరిచి వదిలేశాడు. నేను వదిలిన చోటే నిలబడిపోయాను. ఆయన కాగితం మీద రాసుకున్నాడు. కొన్ని వారాలకి కొత్త పట్టీలు, కొత్త కుచ్చు, అడుగున సందు మూసే బద్ద, కొత్త క్లోజర్ వచ్చాయి. నాకు మళ్లీ ప్రాణం లేచొచ్చింది.

అప్పటికి ఆ డ్రైవరు కన్నుమూశాడు. ఆయన ఫ్లాట్‌లోకి గుంటూరు నుంచి వచ్చి ఇంగ్లండ్‌లోనే స్థిరపడ్డ ఒక పెద్దావిడ చేరింది. భర్త పోయాక, మోకాళ్లు అరిగాక, వాకర్ సాయంతో నడిచేది. కొత్త క్లోజర్ గట్టిగా బిగించడంతో నేను ఆవిడకి మరీ భారమయ్యాను. దానికి తోడు సాయంత్రం దీపం పెట్టేవేళ వీధి తలుపు తీసి ఉంచాలని ఆవిడ పట్టు. ఆ వేళ తలుపు మూసుంటే లక్ష్మి గడప దాటి రాదని చిన్నప్పటినుంచీ విన్న మాట. రోజూ దీపం వెలిగించి, ఒక చెప్పు నా కిందకి తోసేది.

ఆవిడని చూసుకోవడానికి వచ్చే సహాయకుల్లో ఖమ్మం అమ్మాయి ఒకతె ఉండేది. మొదటిరోజే చెప్పు చూసి వంగి తీసింది.

"అమ్మమ్మా, ఇలా పెట్టకండి. ఇది మంటను ఆపే తలుపు, మూసుకోవాలి."

"వాకర్ పట్టుకుని ఇంత బరువు తలుపు ఎట్లా లాగనే తల్లీ? ఒకసారి మూసుకుందంటే నేను లోపలే ఖైదు."

ఆ అమ్మాయి ఆవిణ్ణి మందలించలేదు. వాకర్ పట్టుకుని తానే నన్ను తెరవబోయి చూసింది. వికలాంగులు తేలిగ్గా తెరవాలంటే తలుపు తెరవడం మొదలుపెట్టేచోట 30 న్యూటన్ల బలం, అంటే సుమారు 3 కిలోల బరువు ఎత్తేంత బలం, మించకూడదని బ్రిటన్ ప్రమాణాలు చెబుతాయి. నాకు అంతకన్నా చాలా ఎక్కువే కావాలి. ఆ సాయంత్రమే భవనం కార్యాలయానికి రాసింది. జవాబు రాకపోతే మళ్లీ రాసింది. చివరికి నాకు ఫ్రీ స్వింగ్ క్లోజర్ బిగించారు. మామూలప్పుడు నేను వేలితో తోస్తే కదులుతాను, ఎక్కడ ఆపితే అక్కడ నిలుస్తాను. పొగ అలారం మోగిన క్షణంలో మాత్రం నా అంతట నేనే మూసుకుంటాను. లక్ష్మీదేవికి దారి ఉంది, పొగకి లేదు.

ఆ అమ్మాయి ఇంకా చాలా చూసింది. చలికి చర్మం పగిలి పెద్దావిడ ఒంటికి రాసుకునే క్రీము శాలువాకి, పక్కగుడ్డలకి పట్టేసి ఉండేది. అలాంటి క్రీములు ఇంకిన బట్టకి నిప్పు తగిలితే ఇట్టే అంటుకుంటుంది, ఉతికినా పూర్తిగా పోదు. అందుకని దీపాన్ని కొంగు తగలని ఎత్తులో, ఇత్తడి పళ్లెంలో పెట్టించింది. ఆపద వేళ సాయం కోసం లాగే ఎర్ర తాడు ఎవరో ముడివేసి పైకి కట్టేస్తే, నేలమీద పడినా అందేలా విప్పింది. అగ్నిమాపక సిబ్బంది ఉచితంగా ఇంటికొచ్చి చూస్తారని కనుక్కుని పిలిపించింది. నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదని, మూకుడు కదపకూడదని ఆవిడ చేత పదేపదే చెప్పించింది.

ఒక సాయంత్రం పెద్దావిడ పప్పు పోపుకని మూకుట్లో నూనె పెట్టింది. అంతలో ఎదురు ఫ్లాట్ జమైకా ఆవిడ గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది. ఇద్దరూ నడవాలోకి వచ్చి నిలబడి మాట్లాడుకుంటున్నారు. నూనె పొగలు కక్కి అంటుకుంది. అలారం మోగింది. పెద్దావిడ "అయ్యో, పొయ్యి" అంటూ వాకర్ వెనక్కి తిప్పింది. జమైకా ఆవిడ ఆమె మోచెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ క్షణంలోనే నా క్లోజర్ నన్ను వదిలింది. నేను కదిలాను, మూసుకున్నాను, గొళ్లెం పడింది.

లోపల వంటిల్లు పోయింది, హాలు నల్లబడింది. నా లోపలి ముఖం కాలింది. పట్టీలు ఉబ్బి నన్ను ద్వారబంధానికి బిగించేశాయి. బయట నడవాలో గాలి తేటగానే ఉంది. మూడు తలుపుల అవతల, ఆక్సిజన్ గొట్టంతో మంచానికే పరిమితమైన మనిషి తన ఫ్లాట్‌లోనే, తన మంచం మీదే క్షేమంగా ఉన్నాడు. అగ్నిమాపక సిబ్బంది వచ్చేదాకా నేను పట్టుకుని ఉన్నాను. నేను పుట్టింది ఆ కొద్ది నిమిషాల కోసమే.

మంటకి కాలి, పట్టీ ఉబ్బిన తలుపు మళ్లీ పనికిరాదు. మర్నాడు ఎవరో నన్ను ఫొటో తీశారు. తర్వాత ఇద్దరు వచ్చి బందులు విప్పి, బరువని గొణుక్కుంటూ మెట్లు దించి, పెరట్లో చెత్త తొట్టె పక్కన పడేశారు. అక్కడ నాలాంటివే ఇంకొన్ని ఉన్నాయి. ఒకదానికి క్లోజర్ లేదు, మరలు దిగిన గుంటలే ఉన్నాయి. ఒకదానికి పిల్లి దూరడానికి కన్నం కోశారు. ఇంకొకదాని అడుగున చెక్కముక్క గీసిన గాట్లు వరసగా ఉన్నాయి. వాటి మీద మంట మరక ఒక్కటీ లేదు. పని చేసే అవకాశమే రాకుండా అవి పాడైపోయాయి. వానకి మా చెక్క పొరలు విచ్చుకుంటున్నాయి. కాలి పనికిరాకుండా పోయినందుకు నాకు బాధ లేదు. వాటిని చూస్తేనే నాకు దుఃఖం.

ఆ ఫ్లాట్లలో ఉండే మీకు చెబుతున్నాను. ఈ రాత్రి మీ తలుపుని కొంచెం తెరిచి వదలండి. తనంతట తాను పూర్తిగా మూసుకుందో లేదో చూడండి. మూసుకోకపోతే, సందులు కనిపిస్తే, పట్టీ ఊడితే వెంటనే చెప్పండి. స్కూటర్‌నీ సామాన్లనీ నడవాలో పెట్టకండి. తలుపు మీకు బరువైతే దాని కింద ఏదీ తోయకండి, మీ చేతికి తగ్గ క్లోజర్ కావాలని అడగండి. ఒకసారి అడిగితే పలక్కపోతే మళ్లీ అడగండి. భవనాలు నడిపే మీకూ ఒక మాట. తలుపు కింద చెక్కముక్క కనిపిస్తే ఆ మనిషిని తిట్టకండి. ఆయన మీతో చెప్పాలనుకున్నది ఆ చెక్కముక్క చెబుతోంది. పరుగెత్తలేని మనిషికి మీరు ఇవ్వగలిగేది సమయమే. ఆ సమయాన్ని ఆయన చేత్తో తెరవగలిగే తలుపుగా చేసి ఇవ్వండి.